మేతలోని నూనెయు మాంసములోని క్రొవ్వును

డిసెంబరు నెలలో తెల్లవారుజామున కొబ్బరినూనె సీసాను చూచిన బాలురందఱు ఎఱిగిన సంగతియే యిది. సీసాలోని నూనె తెల్లగా పేరుకొని యుండును. తలకు రాచుకొనుటకు దానిని కొంతసేపు ఎండలో పెట్టవలసివచ్చును. అదే వేళ వంటింటిలోని నువ్వులనూనెయు, వేరుసెనగనూనెయు ఆ చలికి లొంగక పారుచునే యుండును. అన్నియు నూనెలే, అన్నియు గింజలనుండియో కాయలనుండియో తీసినవే. అయినను ఒకటి గడ్డకట్టును, తక్కినవి కట్టవు.

మాంసము తిను ఇండ్లలో ఇట్టి భేదమే మఱియొకటి కనబడును. వేటమాంసపు కూర చల్లారినప్పుడు పైన తెల్లని గట్టిపొర యేర్పడును. దానిని అట్లే తిన్నచో ఆ క్రొవ్వు పెదవులకును అంగిటికిని మైనమువలె అంటుకొనును. కోడికూరపై తేలు క్రొవ్వు అంతగా గట్టిపడక పసుపుపచ్చని నూనెవలె నుండును. పందిక్రొవ్వు ఈ రెంటికిని నడుమ నిలుచును. అయితే పందిక్రొవ్వు విషయమున ఒక వింత గలదు. ఒకే యీడు, ఒకే జాతి గల రెండు పందులను కోసినను, ఒకదాని క్రొవ్వు తెల్లగా, గట్టిగా, కత్తికి చక్కగా తెగునదిగా నుండవచ్చును. రెండవదాని క్రొవ్వు వ్రేలితో నొక్కినంతనే దిగిపోయి జిడ్డు కాఱవచ్చును. మాంసము కొనువారు రెండవదానికి ధర తగ్గింతురు. పెంచినవాడు, “నా పందికి జబ్బేమియు లేదే, బరువును తక్కువ కాలేదే” యని వాపోవును. జబ్బు లేదను మాట నిజమే. భేదము మేతలో నున్నది.

మన పాఠశాలలో చదువుకొను పిల్లల తల్లిదండ్రులలో పందులను మేపువారు గలరు. మేకలను, గొఱ్ఱెలను కాచువారు గలరు. పెరటికోళ్ళను పెంచువారు అనేకులు గలరు. పంది పేరు వినగానే ముఖము చిట్లించు బాలురును లేకపోలేదు. ప్రక్కబల్లపై కూర్చున్నవాని పుస్తకములును బట్టలును ఆ జంతువు వలననే వచ్చుచున్నవని వారు తలంపరు. కావున ఈ సంగతిని శాస్త్రరీతిని వివరించుట కొందఱికి జ్ఞానమునకును, కొందఱికి నాలుగు రూపాయలకును ఉపకరింపవచ్చును.

మొదట క్రొవ్వు అనగా నేమో తెలిసికొనవలెను. దీనిని శ్రద్ధతో శోధించినవారిలో అగ్రగణ్యుడు షెవ్రూల్ అను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు. 1786లో పుట్టి 1889 వఱకు, అనగా నూటరెండేండ్లు, జీవించిన ఈ మహాశయుడు జంతువుల క్రొవ్వులను గూర్చి 1823లో ప్రకటించిన గ్రంథము ఈ శాస్త్రమునకు పునాది యయ్యెను. క్రొవ్వు ఒక్క పదార్థము కాదనియు, అనేకవిధములైన ఆమ్లములు గ్లిసరినుతో కూడుటవలన నేర్పడిన మిశ్రమమనియు ఆయన తెలిపెను. ఆ ఆమ్లములనే మనము క్రొవ్వామ్లములందుము.

ఒక్కొక్క క్రొవ్వామ్లము కర్బన పరమాణువుల గొలుసు. ఈ గొలుసునకు ఎన్ని ఉదజని పరమాణువులు పట్టునో అన్నియు పట్టియున్నచో దానిని సంతృప్త మందురు. అది నిటారుగా నుండును. కొన్నిచోట్ల ఉదజని కొఱవడి, రెండు కర్బనములు జంటబంధముతో కలిసియున్నచో అది అసంతృప్తము; సాధారణముగా అట్టి ప్రతిచోటను గొలుసు వంగియుండును. నిటారైన వెదురుకఱ్ఱలను మోపు కట్టి చూడుడు. అవి సందు లేకుండ ఒదుగును. వంకరకొమ్మలను మోపు కట్టిన, ఎంత బిగించినను సందులు మిగిలి మోపు వదులుగానే యుండును. క్రొవ్వులోను ఇంతే. నిటారు గొలుసులు దగ్గఱగా ఒదిగి గట్టిపడును. వంకర గొలుసులు ఒదుగలేక నూనెగా పారును.

పదునెనిమిది కర్బనములు గల నాలుగు ఆమ్లములను పోల్చినచో ఈ విషయము అద్దములో వలె కనబడును. స్టియరిక్ ఆమ్లమునకు జంటబంధమే లేదు. అది సుమారు 69 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి గాని కరగదు. ఒలియిక్ ఆమ్లమునకు ఒక జంటబంధము. అది 13 డిగ్రీలకే కరగును. లినోలియిక్ ఆమ్లమునకు రెండు. అది నీరు గడ్డకట్టు చలికన్న ఐదు డిగ్రీలు క్రిందనే కరగును. లినోలెనిక్ ఆమ్లమునకు మూడు. అది ఇంకను పదునొకండు డిగ్రీల లోపలి చలిలో గూడ ద్రవమే. కొబ్బరినూనెలో సంతృప్తామ్లములే అధికము. అయితే వాని గొలుసులు పొట్టివి గనుక 24 డిగ్రీల చాయకు రాగానే కరగిపోవును. మన డిసెంబరు ఉదయము ఆ హద్దునకు దిగువ నుండును, మధ్యాహ్నము ఎగువ నుండును. సీసా రహస్యమంతయు ఇదియే.

ఏ క్రొవ్వులో ఎన్ని వంకరలున్నవో కొలుచుటకు 1884లో హ్యూబుల్ అను శాస్త్రజ్ఞుడొక ఉపాయము కనిపెట్టెను. జంటబంధమున్న చోట అయొడిన్ పట్టుకొనును. నూఱు గ్రాముల క్రొవ్వు ఎన్ని గ్రాముల అయొడినును పట్టుకొనునో ఆ సంఖ్యను అయొడిన్ అంకె యందురు. కొబ్బరినూనెకు ఇది పదికి అటునిటుగా నుండును. పశువుల క్రొవ్వునకు 40 మొదలు 50. పందిక్రొవ్వునకు సాధారణముగా 55 మొదలు 70. వేరుసెనగనూనెకు 85 మొదలు 100. అవిసెనూనెకు 170కి పైగా. అంకె పెరిగిన కొలది మెత్తదనము పెరుగునని గుర్తుంచుకొనిన చాలును.

ఇక జంతువు ఒడలిలోనికి క్రొవ్వు ఎట్లు వచ్చును? రెండు త్రోవల వచ్చును. పంది నూకలు, జొన్నలు, చిలగడదుంపలు తినినప్పుడు వానిలోని పిండిపదార్థములో శరీరమునకు వలసినది పోగా మిగిలినదానిని ఆ జంతువే క్రొవ్వుగా మార్చుకొనును. ఇట్లు స్వయముగా చేసికొనిన క్రొవ్వులో ముఖ్యముగా సంతృప్తామ్లములును ఒలియిక్ ఆమ్లమును ఉండును గనుక అది గట్టిగా నుండును. రెండవ త్రోవ మేతలోని నూనె. పందికిని కోడికిని కడుపు ఒక్కటే; తిన్న నూనె ప్రేగులలో విడిపోయి, గోడలు దాటి, మరల కూడి, పెద్ద మార్పు లేకుండ క్రొవ్వుపొరలలో చేరును. ఇండ్లు కట్టువాడు పాతయింటి ఇటుకలను తెచ్చి క్రొత్తగోడలో పేర్చినట్లన్నమాట. లినోలియిక్ ఆమ్లమును ఏ పందియు, ఏ కోడియు, ఏ మనుష్యుడును తనంతట తాను చేసికొనలేడు. అది లేక యెలుకలు పెరుగలేవని బర్ దంపతులు అమెరికాలోని మిన్నెసోటాలో 1929లో నిరూపించిరి. కావున పందిక్రొవ్వులో కనబడు లినోలియిక్ ఆమ్లమంతయు మేతనుండి వచ్చినదే. యజమానుడు ఏమి మేపెనో అడుగనక్కఱలేదు. ఆ క్రొవ్వే సాక్ష్యమిచ్చును. అందులో నూటికి 15 పాళ్ళు ఈ ఆమ్లము దాటినచో క్రొవ్వు మెత్తబడినట్లే యని మాంసశాస్త్రజ్ఞులు లెక్కింతురు.

ఈ సత్యము గ్రంథములకెక్కుటకు ముందు వేలకొలది రైతులకు నష్టము కలిగించినది. అమెరికా దక్షిణరాష్ట్రములలో ఒకప్పుడు ప్రత్తియే రాజు. 1892 ప్రాంతమున మెక్సికోనుండి టెక్సాసులోనికి బోల్ వీవిల్ అను చిన్నపురుగు ప్రవేశించెను. పావు అంగుళపు పురుగు. ప్రత్తి మొగ్గలోను కాయలోను గ్రుడ్లు పెట్టి పైరును పాడుచేయును. ముప్పదియేండ్లలో అది ప్రత్తిసీమనంతటిని ఆక్రమించెను. అలబామా రాష్ట్రములో ఎంటర్‌ప్రైజ్ అను పట్టణపు చుట్టుపట్ల రైతులు ప్రత్తిని తగ్గించి వేరుసెనగ వేసి బాగుపడిరి. ఆ మేలు తలంచుకొని 1919 డిసెంబరు 11న ఆ పురుగు పేరనే స్మారకచిహ్నమొకటి నిలిపిరి. అది చేతులు పైకెత్తి నిలిచిన స్త్రీ విగ్రహము. 1949లో ఆ చేతులలో పెద్ద పురుగుబొమ్మను గూడ అమర్చిరి. పైరుకు తెగులు తెచ్చిన పురుగునకు విగ్రహము కట్టిన ఊరు లోకములో మఱియొకటి యున్నదో లేదో గాని, మన ప్రత్తిరైతులకు ఆ యూహ రాకపోవుటలో ఆశ్చర్యము లేదు.

వేరుసెనగ వెంట పందులును పెరిగెను. కాయలు పెఱికిన పిదప నేలలో మిగిలినవానిని ఏరుటకు కూలి గిట్టదు. పందులను చేనిలోనికి తోలినచో అవి మూతితో నేలను పెల్లగించి ఒక్క కాయను గూడ విడువవు. కొందఱు పైరును పెఱుకకయే పందులకు వదలిరి. వేరుసెనగపప్పులో సగమునకు దగ్గఱగా నూనెయే యుండుటచే పందులు శీఘ్రముగా బరువెక్కెను. రైతులు సంతోషించిరి. అయితే ఆ పందులను కోసి చల్లనిగదిలో వ్రేలాడదీసినప్పుడు, ఉత్తరరాష్ట్రములలో మొక్కజొన్న తిని పెరిగిన పందులవలె అవి బిగిసికొనలేదు. ప్రక్కటెముకల మాంసపుబద్ద బల్లపై నుంచిన తడిగుడ్డవలె వంగెను. పలుచగా కోయుటకు వీలుకాలేదు. కోసిన ముక్కలు ఒకదానికొకటి అంటుకొనెను. గుడ్డలో చుట్టిన మాంసమునుండి నూనె కాఱెను. కొనువారు ధర తగ్గించిరి. ప్రాణముతో నున్న పందిని చూచి దాని క్రొవ్వు గట్టిదో మెత్తనిదో చెప్పుట ఎవరి తరమును కాదు గనుక, వేరుసెనగ సీమనుండి వచ్చిన పందులన్నిటిని అనుమానముతోనే చూచిరి. మొక్కజొన్నయే మేపిన రైతునకును పొరుగువాని వేరుసెనగవలన నష్టము వచ్చెను. ఈ భాగమే నాకు మిక్కిలి విచారకరముగా తోచును.

1919 ప్రాంతమున అమెరికా ప్రభుత్వ వ్యవసాయశాఖవారు రాష్ట్రముల ప్రయోగక్షేత్రములతో కలిసి దీనిని పరిశోధింప బూనిరి. ఎల్లిస్, హాంకిన్సు మొదలగువారు 1925, 1926 సంవత్సరములలో ప్రకటించిన ఫలితములు నేటికిని చెక్కుచెదరలేదు. నూనె తక్కువగా నున్న మేతపై పెరిగిన పంది పిండిపదార్థమునుండి గట్టి క్రొవ్వును చేసికొనును. వేరుసెనగ, సోయాచిక్కుడు మేసిన పంది ఆ గింజల నూనెనే ఒడలిలో దాచుకొనును. ఒకసారి దాచుకొనిన మెత్తని క్రొవ్వు త్వరగా పోదు; మేత మార్చిన పిదప గట్టి క్రొవ్వు దానిపై చేరి, దానితో కలిసి, పాలు తగ్గింపవలసినదే. కనుక ఒకటి రెండు వారములు మొక్కజొన్న పెట్టి సంతకు తోలుటవలన ప్రయోజనము లేదు. మేత మార్చిన తరువాత పంది ఎంత బరువు పెరిగెననునదే ముఖ్యము.

విచిత్రమేమనగా, ఒకచోట తప్పుగా ఎంచబడినదే మఱియొకచోట గౌరవము పొందెను. వర్జీనియా రాష్ట్రమునందలి స్మిత్‌ఫీల్డు పట్టణములో ఉప్పువేసి, పొగపెట్టి, నెలలకొలది ఆరగట్టిన పందితొడలు ప్రసిద్ధములు. 1926లో ఆ రాష్ట్రపు శాసనసభవారు, వేరుసెనగ సీమలో వేరుసెనగ మేసిన పందుల తొడలను ఆ పట్టణములో సిద్ధపఱచిననే గాని ఆ పేరు పెట్టరాదని చట్టము చేసిరి. పచ్చిమాంసము పలుచగా కోయువానికి పనికిరాని మెత్తదనము, నెలలకొలది ఆరబెట్టువానికి రుచియైనది. 1966లో వేరుసెనగ మేపవలెనను నియమమును తొలగించిరి.

క్రొవ్వు మెత్తదనమునకు మేత యొక్కటే కారణమని తలంపరాదు. డెన్మార్కు దేశమున హెన్రిక్వెస్, హాన్సెన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1901లో ప్రకటించిన ప్రయోగము వినుడు. ఒక పందిని గడ్డకట్టు చలిలో నుంచిరి. ఒకదానిని 30 డిగ్రీలకు పైబడిన వేడిలో నుంచిరి. మఱియొకదానిని చలిలోనే యుంచిరి గాని దానికి గొఱ్ఱెతోలు అంగీ తొడిగిరి! చలిపంది చర్మము క్రింది క్రొవ్వు ఎక్కువ మెత్తన. అంగీ తొడుగుకొన్నదాని క్రొవ్వు గట్టిది. చల్లని చర్మముదగ్గఱ క్రొవ్వు గడ్డకట్టి బిగిసిపోకుండ శరీరమే జాగ్రత్తపడుచున్నదన్నమాట. ఏ పందియందైనను చర్మమునకు దగ్గఱగా నున్న పొర మెత్తగాను, లోపల మూత్రపిండములచుట్టు నున్నది గట్టిగాను ఉండుటకు ఇది యొక కారణము.

ఇక మేకలు, గొఱ్ఱెలు, పశువుల సంగతి వేఱు. పచ్చిగడ్డిలో నూనె కొంచెమే. ఎండబెట్టి తూచిన నూటికి రెండు మూడు పాళ్ళు. కాని ఆ కొంచెములో సగమునకు పైగా మూడు వంకరల లినోలెనిక్ ఆమ్లమే. పంది విషయమున చెప్పిన న్యాయమే వర్తించినచో, దినమంతయు ఆకు మేయు మేక క్రొవ్వు నూనెవలె పారవలసినది. అట్లు కాక అది అన్నిటికన్న గట్టిగా నున్నది! ఏలయన, నెమరువేయు జంతువుల కడుపులో నాలుగు అరలు గలవు. మొదటి అర పెద్దతొట్టి వంటిది. ఎదిగిన ఆవునందు నూఱు లీటర్లకు పైగా పట్టును. అందులో కోట్లకొలది సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టుచుండును. వంకర ఆమ్లములు ఆ సూక్ష్మజీవులకు గిట్టవు. కావున అవి జంటబంధములలో ఉదజనిని చేర్చి ఆ గొలుసులను నిటారు చేసివేయును. మేతలోని లినోలెనిక్ ఆమ్లములో నూటికి 80 పాళ్ళకు మించి ఇట్లే మాఱిపోవును. డాల్డా వంటి వనస్పతిని కర్మాగారములో నూనెకు ఉదజని పట్టించి చేయుదురు. ఆ పనినే మేక కడుపు ఎన్నియో యుగములనుండి పొయ్యి లేక, యంత్రము లేక చేయుచున్నది. 1951లో రెయిజర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు గొఱ్ఱె కడుపులోని ద్రవ్యమును బయటికి తీసి, దానిలో అవిసెనూనె కలిపి, లినోలెనిక్ ఆమ్లము తగ్గిపోవుటను చూపెను.

నమ్మకము చాలనివారికి గుఱ్ఱము ఉదాహరణము. ఆవును గుఱ్ఱమును ఒకే బీటిలో ఒకే గడ్డి మేసినను, గుఱ్ఱపు క్రొవ్వు మెత్తగా నుండును, అందులో లినోలెనిక్ ఆమ్లము సమృద్ధిగా నుండును. గుఱ్ఱమునకును గడ్డిని పులియబెట్టు తొట్టి గలదు. అయితే అది చిన్నప్రేగులకు తరువాత నున్నది. నూనె ముందుగానే రక్తములో చేరిపోవును, సూక్ష్మజీవులకు చిక్కదు. తొట్టి ముందుండుట, వెనుక నుండుట, ఇంతమాత్రముననే క్రొవ్వు స్వభావము మాఱుచున్నది.

కావున మేకకు నూనెగింజలు పెట్టి దాని క్రొవ్వును మెత్తబఱుపజూచుట వ్యర్థము. వ్యర్థమే కాదు, హద్దు మీరినచో హాని. ఎండుమేతలో నూటికి ఆరేడు పాళ్ళకు మించి నూనె చేరినప్పుడు ఆ సూక్ష్మజీవులే బలహీనపడి, గడ్డి జీర్ణము కాక, జంతువు మేత మానును. ఆస్ట్రేలియాలో 1970 ప్రాంతమున శాస్త్రజ్ఞులు నూనెబిందువులచుట్టు పాలమాంసకృత్తుతో కవచము చేసి, దానిని ఫార్మాల్డిహైడుతో గట్టిపఱచి, సూక్ష్మజీవుల కంటబడకుండ మొదటి అరను దాటించిరి. గొఱ్ఱెమాంసములో లినోలియిక్ ఆమ్లము పెరిగినది; కాని మాంసమునకు అలవాటులేని వాసన వచ్చెను, త్వరగా చెడుటయు కనబడెను. ప్రజలు దానిని ఆదరింపలేదు.

ఇంతవఱకు చెప్పినదంతయు తలక్రిందులు చేయు గింజ యొకటి గలదు, అది ప్రత్తిగింజ. దాని నూనెలో సగమునకు పైగా లినోలియిక్ ఆమ్లమే. కావున దానిని తిన్న పంది క్రొవ్వు మిక్కిలి మెత్తబడవలెను. అయినను 1931లో ఎల్లిస్, అతని సహచరులు పరీక్షింపగా, ప్రత్తినూనె తిన్న పందుల క్రొవ్వులో స్టియరిక్ ఆమ్లము పెరిగి, క్రొవ్వు అనుకొనినదానికన్న గట్టిగా నుండెను. కారణము తరువాత తెలిసినది. ప్రత్తినూనెలో నూటికి ఒకపాలు లోపుగా వింత ఆమ్లములు కొన్ని గలవు. జంతువుల శరీరములో స్టియరిక్ ఆమ్లమునకు వంకర పెట్టి ఒలియిక్ ఆమ్లముగా మార్చు పనివాని వంటి పదార్థ మొకటి యుండును; ఈ వింత ఆమ్లములు దాని చేతులు కట్టివేయును. అందుచే నిటారు గొలుసులు పేరుకొనిపోవును. ప్రత్తిగింజలు తిన్న గేదె వెన్న గట్టిగా నుండుట, నేయి పెద్దపూసగా పేరుకొనుట మన యిండ్లలోని పెద్దలు ఎఱిగినదే. ప్రత్తిగింజలు మిక్కిలిగా మేపు గుజరాతు, మధ్యప్రదేశ్ ప్రాంతముల నేతికి ప్రభుత్వ ప్రమాణములలో వేఱుగా అంకెలు నిర్ణయింపవలసి వచ్చెను. లేనిచో మంచినేయి గూడ కల్తీనేయిగా లెక్కకు వచ్చెడిది. కోళ్ళకు ప్రత్తిగింజలు పెట్టినచో నిలువయుంచిన గ్రుడ్ల తెల్లసొన గులాబిరంగు పట్టును. అయితే క్రొవ్వు గట్టిపడునని పందులకు ప్రత్తిగింజలు పెట్టువారు జాగ్రత్త! ఆ గింజలోని గాసిపాల్ అను విషము పందుల గుండెను పాడుచేసి చంపును. గేదెకు పనికివచ్చినది పందికి పనికిరాదు.

మెత్తదనమునకు తోడు మఱియొక దోషము గలదు, అది ముక్కవాసన. జంటబంధములున్న చోటనే గాలిలోని ప్రాణవాయువు తగులుకొనును. రెండు జంటబంధములున్న ఆమ్లము ఒక్కటే యున్నదానికన్న పదిరెట్లకు పైగా త్వరగా చెడును. మూడున్నది అంతకన్న త్వరగా చెడును. మనదేశపు వేడిమిలో దీనిని ఎంతమాత్రమును లక్ష్యపెట్టక పోరాదు. ఉప్పువేసి ఎండబెట్టు ఇండ్లలో, వేసవిలో రెండునాళ్ళు నిలువయుంచు అంగళ్ళలో, మెత్తని క్రొవ్వు గల మాంసము ముందుగా వాసన కొట్టును. సముద్రతీరపు పల్లెలలో ఎండుచేపల తుక్కును కోళ్ళకును పందులకును వేయుట వాడుక. చేపనూనెలో ఐదారు జంటబంధములు గల ఆమ్లములుండును. అవియు మాంసములో చేరి, వండినప్పుడు చేపకంపు పుట్టించును. అమ్మకమునకు కొన్నివారములు ముందుగా దానిని మానవలెను. 1922లో కాలిఫోర్నియాలో ఇవాన్సు, బిషప్ అనువారు కనుగొనిన ఇ విటమిను ఈ చెడుటను నిలువరించును. అది పచ్చనియాకులలో విస్తారముగా నున్నది. ఆకు మేయు జంతువు నూనెతోపాటు దాని కాపలావానిని గూడ తినుచున్నదన్నమాట; చెక్కయు తవుడును మాత్రమే తిను జంతువునకు ఆ కాపలా తక్కువ.

ఇప్పుడొక ప్రశ్న. మెత్తని క్రొవ్వు నిజముగా చెడ్డదా? మాంసము కోయువాడు చెడ్డదనును. వైద్యుడు అట్లనడు. సంతృప్త క్రొవ్వునకు బదులు అసంతృప్తమును తినినచో రక్తములోని కొలెస్టరాలు తగ్గునని వైద్యులు చెప్పుదురు. అవిసెగింజలు కొంచెముగా మేపి పందిమాంసములో లినోలెనిక్ ఆమ్లమును పెంచుట నేడు కొన్నిదేశములలో జరుగుచున్నది. మిక్కిలి పెంచినచో కంపు, అసలు లేకున్న వైద్యుని అసంతృప్తి. ఈ రెంటి నడుమ స్పెయినువారి త్రోవయే నాకు బుద్ధిమంతముగా కనబడుచున్నది. ఆ దేశపు నైరృతిభాగమున, ఎస్త్రెమదూరా, అందలూసియా సీమలలో, నల్లని ఇబేరియా పందులను శీతకాలమున ఓకుచెట్ల తోపులలో విడుతురు. అవి రాలిన ఓకుకాయలను ఏరి తినును. ఆ కాయల నూనెలో ఒక్క వంకర గల ఒలియిక్ ఆమ్లమే అధికము. అందుచే క్రొవ్వు నోటిలో కరగునంత మెత్తన, అయినను ఏండ్లు నిలువయుండునంత గట్టి. 2014 నాటి శాసనము ప్రకారము అట్టి పంది తోపులో కనీసము 60 దినములుండి 46 కిలోలు బరువు పెరుగవలెను. ఒకప్పుడు క్రొవ్వులోని ఆమ్లములను పరీక్షించి ఆ పంది ఓకుకాయలే తిన్నదో లేదో నిర్ణయించెడివారు. ఒలియిక్ ఆమ్లము అధికముగా నుండు నూనెను దాణాలో కలిపి మోసగించుట మొదలైన పిమ్మట ఆ పరీక్షకు విలువ తగ్గినది. చెట్టుక్రిందికి పోయి చూచుటయే నమ్మకమైన పరీక్షగా మిగిలినది.

మన యిండ్లకు వత్తము. మన పందులును కోళ్ళును విశేషముగా తినునది తవుడు. తవుడన్నది ఒక్క పేరే గాని వస్తువులు రెండు. మరనుండి నేరుగా వచ్చిన తవుడులో నూటికి 15 మొదలు 20 పాళ్ళు నూనె యుండును. ఉప్పుడుబియ్యపు తవుడులో ఇంకను ఎక్కువ. నూనె తీసిన తవుడులో ఒకపాలు మాత్రము మిగులును. మొదటిదానితోనే పందిని నింపినచో ఎల్లిస్ చెప్పినదే జరుగును. అదియుగాక పచ్చితవుడు కొన్నిదినములలోనే పుల్లబడి ముక్కును. వేరుసెనగ చెక్కలోను ఇట్టి భేదమే కలదు: గానుగ చెక్కలో నూనె మిగులును, ద్రావకముతో పిండిన చెక్కలో మిగులదు. హోటళ్ళ ఎంగిలిలో వేపుడునూనె ఎంతయుండునో ఎవరికిని తెలియదు. పందిపిల్లలు పెరుగునప్పుడు వీనిని కొంత పెట్టవచ్చును. ఖర్చు తక్కువ, పెరుగుదలయు కలదు. అమ్మదలచిన రెండుమాసముల ముందుగా నూనెమేత తగ్గించి, నూకలు, జొన్నలు, చిలగడదుంపలు, నూనె తీసిన తవుడు హెచ్చింపవలెను. గుప్పెడు పచ్చియాకు ఎప్పుడును మేలే. కోళ్ళకును ఇదే పద్ధతి. మేకలకు ఈ చింత అక్కఱలేదు. వానికి చెక్క మితముగా పెట్టిన చాలును.

తొమ్మిదవ, పదవ తరగతుల బాలబాలికలు చేసి చూడదగిన పరీక్షయొకటి చెప్పెదను. అంగడినుండి మేక, పంది, కోడి క్రొవ్వులను కొంచెము కొంచెము తెచ్చి, పెద్దలు దగ్గఱనుండగా సన్ననిసెగపై వేఱువేఱుగా కరగించి, మూడు చిన్నగిన్నెలలో వడియగట్టుడు. మన వేసవిలో 42 డిగ్రీల యెండకు పందిక్రొవ్వు తనంతట తానే కరగును గనుక ఈ పని డిసెంబరులో చేయవలెను, లేదా గిన్నెలను మంచునీటిలో నుంచవలెను. ఏది ముందుగా గట్టిపడెనో, ఏది ఎన్ని డిగ్రీలవద్ద గట్టిపడెనో ఉష్ణమాపకముతో చూడుడు. రెండు వేర్వేఱు ఇండ్లలో పెరిగిన పందుల క్రొవ్వు దొరికినచో మఱియు మంచిది. ఆ యిండ్లవారు ఏమి మేపిరో అడిగి గిన్నెకు చీటి యంటింపుడు. ఫలితములను విజ్ఞానశాస్త్రపు గదిలోని పుస్తకమున తేదీతో వ్రాసియుంచినచో వచ్చు సంవత్సరపు విద్యార్థులు వానితో తమ లెక్కలను పోల్చుకొందురు.